డైరెక్షనల్ కప్లర్ డిజైన్: పేటెంటుకు వెళ్లాలా, రహస్యంగా ఉంచాలా, ప్రచురించేయాలా?

సిలికాన్ చిప్ మీద రెండు వేవ్‌గైడ్‌లను, అంటే కాంతిని నడిపించే సన్నని దారులను, పక్కపక్కన నడిపిస్తే ఒకదానిలోని కాంతి రెండోదానిలోకి పాకుతుంది. ఎంత దూరం అలా నడిపించామన్న దాన్ని బట్టి సగం మారుతుందా, మొత్తం మారుతుందా, మారినది మళ్లీ వెనక్కి వస్తుందా అన్నది తేలుతుంది. డైరెక్షనల్ కప్లర్ అంటే ఇంతే. కాంతితో పనిచేసే పరికరాల రంగమైన ఫోటోనిక్స్‌లో ఇంతకన్నా సాదా పరికరం దొరకడం కష్టం. అందుకే "నా కప్లర్‌కు పేటెంటు వస్తుందా?" అని అడిగేవారికి రెండు రకాల తొందరపాటు జవాబులు ఎదురవుతాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే, వదిలేయమని ఒకరంటారు. కొలత కొత్తదే కదా, దరఖాస్తు వేసేయమని మరొకరంటారు. రెండూ సగం సగం నిజాలే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొలత మార్చినంత మాత్రాన పేటెంటు నిలబడదు. కప్లర్‌ను ఏళ్ల తరబడి పీడిస్తున్న ఏదో ఒక చిక్కును నిర్మాణంలో మార్పుతో విడదీస్తే, ఆ విడదీయడం ఎలా జరిగిందో చెప్పగలిగితే, అప్పుడు నిలబడుతుంది. అయితే నిలబడే ప్రతిదానికీ పేటెంటే సరైన దారి కాదు. ఫోటోనిక్స్‌లో పరిశోధన చేస్తున్న విద్యార్థులు, వారి గైడ్‌లు, చిన్న చిప్ కంపెనీ పెట్టుకున్నవారు ఈ కూడలిలోనే ఆగిపోతుంటారు. వారి కోసమే ఈ పోలిక. ఇందులో చట్టం ప్రధానంగా భారతదేశానిది. అమెరికా, ఐరోపా పద్ధతులు వేరుగా ఉన్నచోట ఆ సంగతీ చెబుతాను.

## ముందు పాత సరుకు

పేటెంటు ఎగ్జామినర్ మీ డిజైన్‌ను ఖాళీ కాగితం మీద పెట్టి చూడరు. మీకన్నా ముందు వచ్చినవాటి పక్కన పెట్టి చూస్తారు. ఈ పరికరం విషయంలో ఆ వరుస చాలా పొడవైనది.

జంట తరంగాల సిద్ధాంతాన్ని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఎస్.ఇ. మిల్లర్ 1954లోనే మైక్రోవేవ్ వేవ్‌గైడ్‌ల కోసం రాశారు. 1969లో అదే సంస్థకు చెందిన మార్కటిలి దీర్ఘచతురస్రాకార డైఎలెక్ట్రిక్ వేవ్‌గైడ్‌లకూ, వాటితో చేసే కప్లర్‌కూ లెక్కలు కట్టి చూపారు. అంటే వేవ్‌గైడ్‌ల మధ్య గ్యాప్, వాటి వెడల్పు, పొడవు మారిస్తే కాంతి విభజన ఎలా మారుతుందన్నది అర్ధ శతాబ్దం కిందటి విషయం.

1976లో కోగెల్నిక్, ష్మిట్ చేసిన పనిని మాత్రం కాస్త ఆగి చూడాలి. కప్లర్‌ను విద్యుత్తుతో స్విచ్‌లా వాడాలంటే అప్పట్లో ఒక పెద్ద తలనొప్పి ఉండేది. కాంతి మొత్తం పక్క వేవ్‌గైడ్‌లోకి మారాలంటే కప్లర్ పొడవు సరిగ్గా ఇంతే ఉండాలి. తయారీలో కాస్త తేడా వచ్చినా ఎంత వోల్టేజీ ఇచ్చినా పూర్తిగా మారదు. వారు ఎలక్ట్రోడ్‌ను పొడవునా రెండు భాగాలుగా కోసి, రెండింటికీ వ్యతిరేక దిశల్లో వోల్టేజీ ఇచ్చారు. దాంతో పొడవు కచ్చితంగా కుదరకపోయినా రెండు స్థితులూ వోల్టేజీతోనే సాధ్యమయ్యాయి. తయారీలో వచ్చిన తప్పును తయారయ్యాక సరిదిద్దే వీలు దొరికింది. చట్టం అడిగే 'ఇన్వెంటివ్ స్టెప్' (తేలిగ్గా తట్టని ముందడుగు) ఎలా ఉండాలో తెలియాలంటే ఇంతకన్నా మంచి నమూనా ఉండదు. పాత చిక్కు ఉంది, ఎవరూ చూడని చోట చిన్న మార్పు ఉంది, ఆ మార్పుకు కారణం చెప్పే భౌతికశాస్త్రమూ ఉంది.

1990లో జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ పరిశోధకులు రెండు కప్లర్‌ల మధ్య చిన్న మార్గ భేదం పెట్టి, తరంగదైర్ఘ్యం మారినా విభజన పెద్దగా మారని కప్లర్‌ను చూపారు. ఆ తర్వాత అసమాన వెడల్పులు, వంపు కప్లర్‌లు, సబ్‌వేవ్‌లెంగ్త్ గ్రేటింగ్ (తరంగదైర్ఘ్యం కన్నా సన్నని గాట్లున్న) కప్లర్‌లు వరుసగా వచ్చాయి. "కప్లర్‌ను ముక్కలు చేసి మధ్యలో ఫేజ్ భాగం పెట్టాను" అని ఈరోజు దరఖాస్తు వేస్తే, ఆ ఆలోచన వరకు తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఆ ఫేజ్ భాగంలో మీరు కొత్తగా ఏం చేశారన్నదే మిగిలిన ప్రశ్న.

వెతకడానికి మంచి మొదలు అంతర్జాతీయ వర్గీకరణలోని జీ02బీ 6/12, జీ02బీ 6/125 తరగతులు. స్విచ్ రకాలకైతే జీ02ఎఫ్ 1/313. ఐరోపా పేటెంటు కార్యాలయం వారి ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, మన పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్, ఈ మూడింటిలోనూ ఉచితంగా వెతకవచ్చు. ఒక్క పేటెంట్లనే చూసి ఆగకండి. ఈ రంగంలో దరఖాస్తును కూల్చేవి ఎక్కువగా జర్నల్ వ్యాసాలు, సమావేశ పత్రాలే.

## వేటితో తూచాలి

మొదటిది కొత్తదనం. ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా ముందే బయటపడి ఉండకూడదు. మీరే బయటపెట్టినా సరే, అది బయటపడినట్టే.

రెండోది ఇన్వెంటివ్ స్టెప్. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం, ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, లేదా రెండూ గానీ ఉండాలి. పైగా ఆ రంగం తెలిసిన మనిషికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు. లేత్ మీద పాత్రలను బిగించి చెక్కే పరికరం మీద నడిచిన బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఒక గీత గీసింది. వర్క్‌షాపులో పనివాడు మామూలుగా చేసుకునే మెరుగుదల ఆవిష్కరణ కాదని తేల్చింది. మీ గ్యాప్‌ను 200 నానోమీటర్ల నుంచి 180కి తగ్గించడం ఆ గీతకు ఆవిష్కరణ కాని వైపే పడుతుంది.

మూడోది సెక్షన్ 3. ఇందులో మనకు తగిలేవి మూడు ఉపవిభాగాలు. దేని పని అది విడిగా చేసుకునే పాత పరికరాలను పక్కపక్కన చేర్చడం 3(ఎఫ్) కిందికి వస్తుంది. గణిత పద్ధతి, అల్గారిథమ్, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ 3(కె) కిందికి వస్తాయి. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల టోపోగ్రఫీ (చిప్ మీద భాగాల అమరిక) 3(ఓ) కిందికి వస్తుంది. ఈ చివరిదాన్ని ఫోటోనిక్స్ వాళ్లు ఎక్కువగా మరిచిపోతారు. క్లెయిమ్‌లో, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యంలో, "చిప్ మీద ఈ భాగాల అమరిక" అని లేఅవుట్ భాషలో రాస్తే ఈ అభ్యంతరాన్ని చేతులారా పిలిచినట్టే. "మొదటి వేవ్‌గైడ్, దానికి ఇంత దూరంలో రెండోది, ఈ రెండింటి మధ్య ఈ సంబంధం ఉండటం వల్ల ఈ ఫలితం" అని పరికరం భాషలో రాయాలి.

నాలుగోది కాపీని పట్టుకోగలగడం. చట్టం దీన్ని అడగదు. మీరు మాత్రం అడిగి తీరాలి. పోటీదారు చిప్ కొని, పై ఆక్సైడ్ పొరను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తీసేసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే వెడల్పు, గ్యాప్, వంపు అన్నీ కొద్ది నానోమీటర్ల తేడాతో కనిపిస్తాయి. అడ్డకోత తీసి చూస్తే పక్కగోడ వాలు కూడా తెలుస్తుంది. కానీ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు అనీల్ చేశారో (వేడిచేసి చల్లార్చారో), మాస్కు (నమూనాను చిప్ మీదికి దించే అచ్చు) మీద కొలతను ముందుగా ఎంత సరిచేసి గీశారో ఏ మైక్రోస్కోపూ చెప్పదు. చూస్తే తెలిసిపోయేదాన్ని పేటెంటుకు, చూసినా తెలియనిదాన్ని రహస్యానికి వదిలే ఆలోచనకు మూలం ఇదే.

## మీరు మార్చింది ఏమిటి

దరఖాస్తు భవిష్యత్తు "కప్లర్" అన్న పేరులో ఉండదు, అందులో మీరు ముట్టుకున్న భాగంలో ఉంటుంది.

| మార్చిన భాగం | పేటెంటు నిలబడే అవకాశం | ప్రధాన అడ్డంకి | కాపీని పట్టుకోవడం |
|---|---|---|---|
| కొలతలు మాత్రమే | తక్కువ | మామూలు సర్దుబాటు అంటారు | తేలిక |
| ఆకారం, నిర్మాణం | బాగుంటుంది | పాత సాహిత్యం చాలా ఎక్కువ | తేలిక |
| విద్యుత్తు లేదా వేడితో నియంత్రణ | బాగుంటుంది | 1970ల నుంచి ఉన్న స్విచ్ పేటెంట్లు, పత్రాలు | మధ్యస్థం |
| కంప్యూటర్ గీసిన ఆకారం | ఇరుకైన పేటెంటు రావచ్చు | 3(కె), తప్పించుకోవడం సులువు | తేలిక, కానీ ఉపయోగం తక్కువ |
| తయారీ పద్ధతి | బాగుంటుంది | పూర్తిగా వెల్లడించాలి | చాలా కష్టం |
| వ్యవస్థలో కొత్త పాత్ర | మధ్యస్థం | 3(ఎఫ్) | మధ్యస్థం |

కొలతలు మాత్రమే. ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు వేవ్‌గైడ్‌ల జంటలో సరి మోడ్, బేసి మోడ్ అని కాంతి నడిచే రూపాలు రెండుంటాయి. వాటి వక్రీభవన గుణకాల తేడా 0.02 అనుకోండి. తరంగదైర్ఘ్యం 1.55 మైక్రోమీటర్లు. దాన్ని ఆ తేడాకు రెట్టింపుతో భాగిస్తే 38.75 మైక్రోమీటర్లు వస్తుంది. కాంతి మొత్తం మారడానికి పట్టే పొడవు అది. సగం సగం కావాలంటే అందులో సగం, సుమారు 19.4. ఈ లెక్క ఎం.టెక్ విద్యార్థి కాగితం మీద చేయగలడు. కాబట్టి "19.4 మైక్రోమీటర్ల పొడవున్న 50:50 కప్లర్" అనే క్లెయిమ్‌కు ఎగ్జామినర్ చెప్పే సమాధానం ఊహించవచ్చు. అమెరికాలో 1955 నాటి అలర్ తీర్పు ఇదే చెబుతుంది. సాధారణ షరతులు ముందే తెలిసి ఉన్నప్పుడు మామూలు ప్రయోగాలతో అనుకూలమైన కొలతను కనుక్కోవడం ఆవిష్కరణ కాదు. ఐరోపాలోనూ తెలిసిన పరిధిలోంచి చిన్న పరిధిని ఏరుకుంటే, అది నిజంగా ఇరుకైనదనీ, పాత ఉదాహరణలకు దూరంగా ఉందనీ చూపాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అందరూ పనిచేయదని వదిలేసిన కొలతల దగ్గర మీకు అనుకోని ఫలితం వస్తే, దాన్ని గ్రాఫుతో, పక్కన పాత కొలతల ఫలితంతో చూపగలిగితే, అప్పుడు వాదనకు బలం ఉంటుంది. ఒకే ఒక బిందువు దగ్గర మంచి ఫలితం చూపితే చాలదు. పరిధి అంతటా, దాని రెండు అంచుల బయట కూడా ఏం జరుగుతుందో చూపాలి.

ఆకారం, నిర్మాణం. నా దృష్టిలో ఎక్కువ మందికి సరిపడే చోటు ఇదే. పైన చెప్పిన లెక్కలోనే చూడండి. తయారీలో తేడా వచ్చి మోడ్‌ల గుణకాల వ్యత్యాసం పది శాతం పెరిగితే 50:50 కాస్తా 58:42 అవుతుంది. సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.48, చుట్టూ ఉన్న సిలికాది 1.44. ఇంత అంతరం ఉన్నచోట కొద్ది నానోమీటర్ల తేడాకే పెద్ద దెబ్బ తగులుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగితే కాంతి ఇంకా బయటికి పొంగి, కప్లింగ్ పెరిగి, మళ్లీ విభజన చెడుతుంది. ఆకారం నెమ్మదిగా మారే అడయాబాటిక్ కప్లర్ ఈ రెండింటినీ బాగా తట్టుకుంటుంది కానీ పొడుగైపోతుంది. మల్టీమోడ్ ఇంటర్‌ఫియరెన్స్ కప్లర్ పొట్టిగా ఉంటుంది, తేడాలనూ తట్టుకుంటుంది. కానీ నష్టం కాస్త ఎక్కువ, పైగా మనకు నచ్చిన ఏ నిష్పత్తి పడితే ఆ నిష్పత్తి ఇవ్వదు. సాదా డైరెక్షనల్ కప్లర్ ఏ నిష్పత్తినైనా ఇస్తుంది కానీ దేన్నీ తట్టుకోదు.

మీ నిర్మాణం ఈ ముడిలో ఏ పోగును విప్పింది? పొడవు పెంచకుండానే తయారీ తేడాను తట్టుకుందా? టీఈ, టీఎం ధ్రువణాలు (కాంతి కంపించే దిశలు) రెండింటికీ ఒకే విభజన ఇచ్చిందా? ఆ జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే క్లెయిమ్‌కు వెన్నెముక దొరికినట్టే. ఉదాహరణకు రెండు వేవ్‌గైడ్‌ల వెడల్పులను ఒకదానికొకటి వ్యతిరేక దిశలో మార్చారనుకుందాం. గ్యాప్ పెరిగినప్పుడు కప్లింగ్ తగ్గినంత మేరకు ఫేజ్ తేడా దాన్ని పూడ్చేలా ఆ మార్పును ఎంచుకున్నారనుకుందాం. అప్పుడు క్లెయిమ్‌లో రావాల్సింది వెడల్పు అంకెలు కాదు, ఆ పూడ్చే సంబంధం. అంకెలను ఉప క్లెయిమ్‌లకు దించండి. ప్రధాన క్లెయిమ్ కొట్టుకుపోయినా అవి మిగిలే అవకాశం ఉంటుంది.

నియంత్రణ. హీటర్, ఎలక్ట్రోడ్, స్థితి మార్చుకునే (ఫేజ్ చేంజ్) పదార్థం లాంటివి చేర్చి విభజనను మార్చగలగడం. పదార్థం కొత్తదై, కప్లర్‌లో దాన్ని పెట్టిన చోటుకు కారణం ఉంటే మంచి అవకాశం. ఉన్న కప్లర్ మీద ఉన్న హీటర్‌ను పెడితే చాలదు.

కంప్యూటర్ గీసిన ఆకారం. కావాల్సిన ఫలితం చెబితే ఆకారాన్ని కంప్యూటరే వెతికే ఈ పద్ధతి ఇన్వర్స్ డిజైన్. ఆ పేరుతో ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఇదే. 2015లో స్టాన్‌ఫోర్డ్‌లోని యెలెనా వుచ్‌కోవిచ్ బృందం సుమారు 2.8 మైక్రోమీటర్ల చదరంలో 1300, 1550 నానోమీటర్ల కాంతులను విడదీసే పరికరాన్ని ఈ పద్ధతిలో చేసి చూపింది. చూడటానికి అది మనిషి గీసినట్టు ఉండదు. అయితే పేటెంటు దృష్టితో చూస్తే ఇక్కడ ఎక్కువ మంది ఆశపడినంత లేదు. ఆప్టిమైజేషన్ అల్గారిథమ్‌ను క్లెయిమ్ చేస్తే 3(కె) ఎదురవుతుంది. ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో సాంకేతిక ప్రభావం ఉన్న ఆవిష్కరణను కంప్యూటర్ ఉందన్న కారణంతో మాత్రమే తోసిపుచ్చకూడదని చెప్పింది. అది కొంత ఊరట, అంతే. వచ్చిన ఆకారాన్నే క్లెయిమ్ చేస్తే పేటెంటు రావచ్చు. కానీ పోటీదారు అదే సాఫ్ట్‌వేర్‌ను వేరే ఆరంభ స్థితితో నడిపితే వేరే ఆకారం, దాదాపు అదే పనితీరు వస్తుంది. మీ పేటెంటు గోడకు వేలాడుతూ ఉంటుంది. ఇంకో మాట. అమెరికాలో 2022 నాటి థేలర్ తీర్పు ప్రకారం ఆవిష్కర్త మనిషే కావాలి. సమస్యను ఎలా పెట్టాలో, ఏ హద్దులు విధించాలో, వచ్చిన వాటిలో ఏది ఎందుకు పనికొస్తుందో మీరు చేసిన నిర్ణయాలను నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

తయారీ పద్ధతి. నిలబడే అవకాశం బాగానే ఉన్నా, నేను రెండుసార్లు ఆలోచించమంటాను. పోటీదారు ఫ్యాబ్ (చిప్ కర్మాగారం) లోపలికి వెళ్లి చూడలేరు కదా.

వ్యవస్థలో కొత్త పాత్ర. క్వాంటమ్ చిప్‌లలో కాంతిని మూడింట ఒక వంతు, రెండు వంతులుగా పంచే కప్లర్‌లు ఉంటాయి. అలాంటి పరికరాన్ని వేరే భాగాలతో కలిపి కొత్త ఫలితం సాధిస్తే ఆ మొత్తానికి పేటెంటు అడగవచ్చు. భాగాలు ఒకదాని పనిని మరొకటి ప్రభావితం చేస్తున్నాయని చూపించలేకపోతే 3(ఎఫ్) దగ్గర కథ ముగుస్తుంది.

## దారులు: ఏది ఎవరికి

పేటెంటు. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. వ్యక్తులు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1600 రూపాయలు, మిగిలిన వారికి 8000. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు దాటితే అదనం. పరీక్ష కోసం విడిగా ఫారం 18 వేయాలి. దానికి పైన చెప్పిన మొదటి వర్గానికి 4000 రూపాయలు. 2024 మార్చి 15 నుంచి దాఖలైన వాటికి ఫారం 18 వేసే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత అలవాటుతో ఉన్నవారు దీని దగ్గర జాగ్రత్తగా ఉండాలి. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, వ్యక్తిగత దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్నవారు, ప్రభుత్వ అధీనంలోని సంస్థలు ఫారం 18ఎతో పరీక్షను వేగవంతం చేయించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

రుసుము చిన్నదే, అసలు ఖర్చు వేరే చోట ఉంది. సెక్షన్ 10(4) ప్రకారం ఆవిష్కరణను అమలు చేయడానికి మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దరఖాస్తులో చెప్పి తీరాలి. 18 నెలలకు అది అచ్చయి అందరికీ కనిపిస్తుంది. ఆకారానికి పేటెంటు తీసుకుని, ఆ ఆకారం పనిచేయడానికి తప్పనిసరైన కిటుకును దాచుకుంటానంటే కుదరదు. ఏది తప్పనిసరి, ఏది కేవలం దిగుబడి పెంచేది అన్నది పేటెంటు ఏజెంటుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

లేఅవుట్ నమోదు. 2000 నాటి సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల లేఅవుట్ డిజైన్ చట్టం పదేళ్ల రక్షణ ఇస్తుంది. వినడానికి మన కోసమే చేసినట్టు ఉంటుంది. నిర్వచనం చదివితే ఉత్సాహం తగ్గుతుంది. ట్రాన్సిస్టర్లు, ఇతర సర్క్యూట్ అంశాలు ఉండాలి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పని చేయడానికి ఉద్దేశించినదై ఉండాలి. కాంతిని పంచడం తప్ప మరేమీ చేయని కప్లర్‌లో ట్రాన్సిస్టర్ ఎక్కడుంది? విడి కప్లర్‌కు ఈ దారిని నేను లెక్కలోకి తీసుకోను. డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, మాడ్యులేటర్లు, కప్లర్‌లు ఒకే చిప్ మీద ఉంటే మొత్తం లేఅవుట్‌కు ప్రయత్నించవచ్చు. అప్పుడు కూడా వాణిజ్యపరంగా వాడటం మొదలై రెండేళ్లు దాటకూడదు. పరిశోధన కోసం విప్పి చూసి సొంతంగా కొత్త లేఅవుట్ గీసుకునే వారిని ఈ చట్టం ఆపదు.

2000 నాటి డిజైన్ల చట్టం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. అది కంటికి కనిపించే రూపానికి, పనితీరుకు కాదు. కప్లర్‌కు పనికిరాదు.

రహస్యం. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. న్యాయ కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో ఒక ముసాయిదాను సూచించింది. ప్రస్తుతానికి ఒప్పందాలే ఆధారం. అనీల్ వివరాలు, మాస్కు దిద్దుబాట్లు, ఫౌండ్రీ (చిప్ తయారు చేసిచ్చే కర్మాగారం) నుంచి వచ్చిన కొలతలతో మీరు తయారు చేసుకున్న పట్టికలు ఈ దారికి సరిగ్గా సరిపోతాయి. గ్యాప్, ఆకారం సరిపోవు. చిప్ బజారుకు వెళ్లిన రోజే ఆ రహస్యం ముగుస్తుంది. వేరొకరు సొంతంగా కనుక్కుంటే వారిని ఆపలేరు కూడా.

ప్రచురణ. ఎవరికీ పేటెంటు రాకుండా చేయడమూ ఒక రక్షణే. తేదీతో, మరొకరు చూసి చేయగలిగినంత వివరంగా ప్రచురిస్తే చాలు. మీ కప్లర్ ఒక పెద్ద ఉత్పత్తిలో చిన్న భాగమై, దాన్ని అమ్ముకునే ఉద్దేశం లేనప్పుడు ఇది తెలివైన దారి. దీన్ని ఓటమిగా చూడటం మన విశ్వవిద్యాలయాల్లో పేటెంట్ల సంఖ్య లెక్కపెట్టే అలవాటు వల్ల వచ్చింది.

## మీ పరిస్థితిని బట్టి

పీహెచ్‌డీ విద్యార్థికి అసలు శత్రువు సొంత క్యాలెండరు. ప్రీప్రింట్ సర్వర్‌లో (జర్నల్‌కు ముందే పత్రాలు పెట్టే వెబ్‌సైటులో) పత్రం పెట్టిన రోజే ఐరోపాలో కొత్తదనం పోతుంది. సిద్ధాంత వ్యాసం శోధ్‌గంగలోకి (సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారంలోకి) ఎక్కినా, బహిరంగ వైవాలో స్లైడ్లు చూపినా ప్రమాదమే. అమెరికా మీ సొంత వెల్లడికి ఒక ఏడాది మినహాయింపు ఇస్తుంది. మన సెక్షన్ 31 కూడా 12 నెలలు ఇస్తుంది కానీ చాలా ఇరుకుగా. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన, విద్వత్ సంఘం ముందు ఆవిష్కర్త చదివిన పత్రం లేదా ఆ సంఘం ప్రచురణ వంటి సందర్భాలకే అది వర్తిస్తుంది. ప్రీప్రింట్‌కు దాన్ని నమ్ముకోవద్దు. పత్రం పంపే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయడం మేలు. పత్రంలో ఉన్న ప్రతి గ్రాఫూ, ప్రతి ప్రత్యామ్నాయ ఆకారమూ ప్రొవిజనల్‌లో కూడా ఉండాలి. అందులో లేని అంశానికి ఆ తేదీ దక్కదు. హడావిడిగా రెండు పేజీలు వేసి వచ్చే తేదీకి పెద్ద విలువ ఉండదు. ఆ తర్వాత 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ) వేయాలి. వేయకపోతే దరఖాస్తు పోయినట్టే.

ముందు మరో పని ఉంది. డిజైన్ హక్కు మీదా, సంస్థదా, నిధులిచ్చిన వారిదా అన్నది కాగితం మీద చూసుకోండి. ఫౌండ్రీ ఇచ్చిన కప్లర్ సెల్‌ను మార్చి మీది చేసుకున్నట్లయితే ఆ ఒప్పందంలోని గోప్యత షరతులు కూడా చదవాలి. మీ సొంత దరఖాస్తులో వారి పొరల మందాలు రాసేస్తే చిక్కు.

చిన్న కంపెనీ అయితే నా సలహా ఇది. ఒక్క బలమైన నిర్మాణానికి పేటెంటు తీసుకోండి, తయారీ వివరాలను రహస్యంగా ఉంచండి, మిగతా చిన్నచిన్న రూపాంతరాలను ప్రచురించండి. పెట్టుబడిదారుల కోసం పది బలహీనమైన దరఖాస్తులు వేయడం కన్నా ఇది చవక. ఎందుకంటే మూడో ఏడాది నుంచి ప్రతి పేటెంటుకూ ఏటా రుసుము కట్టాలి, ఆ రుసుమూ కాలంతో పెరుగుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. మీకు పేటెంటు వచ్చినంత మాత్రాన ఆ చిప్‌ను తయారు చేసే హక్కు రాదు. మీది ఎవరి నిర్మాణానికి మెరుగుదలో, వారి పేటెంటు ఇంకా నడుస్తుంటే ముందు వారి అనుమతి కావాలి. అమ్మబోయే ప్రతి దేశంలోనూ ఈ వెతుకులాట విడిగా చేయించుకోవాలి.

కళాశాలలో పాఠం చెబుతూ విద్యార్థుల ప్రాజెక్టుగా కప్లర్ చేయించిన వారు, ఫలితం కొలత సర్దుబాటే అయితే నిస్సంకోచంగా ప్రచురించండి. ఏళ్ల తరబడి దరఖాస్తు నడిపి చివరికి తిరస్కరణ అందుకోవడం కన్నా మంచి సమావేశ పత్రం విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది.

విదేశంలో ఉన్న తెలుగు పరిశోధకులు ఇక్కడి సహచరులతో కలిసి పనిచేసినప్పుడు సెక్షన్ 39 తగులుతుంది. భారత నివాసి అయిన ఆవిష్కర్త ఉంటే, ముందు ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి. లేదా ఫారం 25తో ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతే బయట వేయాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, నివాసం. అమెరికాలోని విశ్వవిద్యాలయం తన అలవాటు ప్రకారం ముందు అక్కడే వేసేస్తే, సెక్షన్ 40 కింద ఇక్కడి దరఖాస్తు వదిలేసినట్టుగా పరిగణిస్తారు. కాబట్టి సహ ఆవిష్కర్తల జాబితా తయారు చేసే రోజునే, ఒక్కొక్కరు ఆ సమయంలో ఏ దేశంలో నివసిస్తున్నారో పేరు పక్కన రాసి విశ్వవిద్యాలయం సాంకేతిక బదిలీ విభాగానికి పంపండి.